బురదలో తిరునాళ్ళ

మా ఆత్మకూరులో యెవరైనా సీమదేశానికి పోయివచ్చారంటే అడిగే ప్రశ్నలు మూడే. విమానం చార్జీ యెంత, అక్కడ అన్నం దొరుకుతుందా, మనవాళ్ళెంతమంది వున్నారు? నేను తిరిగివచ్చిన మర్నాడు పాలు పోసే ఆమె ఈ మూడూ గుక్కతిప్పుకోకుండా అడిగేసింది. నాలుగో ప్రశ్న అడిగినవారు ఒక్కరే, మా కళాశాలలో చరిత్ర చెప్పే పెద్దాయన. "ఏం చూసివచ్చావమ్మా?" అన్నారు. లండన్ టవరనో, రాజుగారి మేడ అనో చెబుతానని ఆయన ఆశ. "తిరునాళ్ళ చూసివచ్చానండీ" అన్నాను. ఆయన ఫక్కున నవ్వి, "దానికి అంత దూరం యెందుకు తల్లీ? నర్రవాడ పోతే వెంగమాంబ తిరునాళ్ళ కావలసినంత చూడొచ్చు గదా. బస్సు చార్జీలతో పోయేది" అన్నారు.

ఆ మాటకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. తోచినదాకా ఆగి ఇప్పుడు వ్రాస్తున్నాను.

మా తమ్ముడు కార్డిఫ్‌లో వైద్యుడు. కార్డిఫ్ వేల్సుకు రాజధాని. అది ఇంగ్లండే గదా అని నోరుజారితే అక్కడివాళ్ళకు చెడ్డకోపం వస్తుంది, మనల్ని మదరాసీలంటే మనకు వచ్చినట్టు. "అక్కా, ఒక్కసారి రా" అని వాడు పదేళ్ళుగా పిలుస్తున్నాడు. చివరకు 2023 ఆగస్టులో, కూడబెట్టిన సెలవు వాడుకుని బయలుదేరాను. వెళ్ళిన నాలుగోరోజు మా మేనకోడలు నా మంచంమీదకెక్కి కూర్చుని, "అత్తా, నువ్వు మూడు రాత్రులు గుడారంలో పడుకోగలవా?" అంది. దానికి ఇరవయ్యేళ్ళు. తెలుగు మాట్లాడుతుంది గాని ప్రతి వాక్యం చివరా రాగం తీస్తుంది. ఎందుకే అన్నాను. పాటల పండుగట. కొండలమధ్య, బయట, పచ్చికలో. "ఇండీ మ్యూజిక్కు అత్తా. నీకు నచ్చుతుంది" అంది. టిక్కెట్టు ధర మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు. ఈనాటికీ చెప్పలేదు.

ఇండీ అంటే ఇండియాకు సంబంధించినదేమో అనుకున్నాను. మీరు నవ్వకండి, మీరైనా అంతే అనుకునేవారు. సంగతి అది కాదు. ఇండిపెండెంటు అన్న మాటకు వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరది. పెద్ద రికార్డు కంపెనీల గడప తొక్కకుండా, తమ పాట తామే పాడుకుని, తామే రికార్డు తీసి, తామే అమ్ముకునేవాళ్ళు ఇండీవాళ్ళు. 1977 జనవరిలో మాంచెస్టరు కుర్రవాళ్ళు కొందరు, బజ్‌కాక్స్ అని వాళ్ళ జట్టు పేరు, ఐదువందల పౌండ్లు అప్పు తెచ్చి 'స్పైరల్ స్క్రాచ్' అనే చిన్న రికార్డు వెయ్యి ప్రతులు సొంతంగా వేయించారు. కంపెనీ లేకపోయినా పాట బ్రతుకుతుందని దానితో చాలామందికి ధైర్యం వచ్చింది. 1980 నాటికి ఇలాంటి రికార్డుల అమ్మకాలకు ప్రత్యేకంగా ఒక పట్టికే ప్రకటించడం మొదలుపెట్టారు. తర్వాత్తర్వాత ఆ మాట ఒక పాటతీరుకు పేరైపోయిందట. ఇదంతా కారులో మా మేనకోడలు చెబుతూంటే, "అయితే మన పండరిభజనలవాళ్ళూ, కోలాటం గురువులూ, పంబలవాళ్ళూ అందరూ ఇండీలేనన్నమాట" అన్నాను. "పంబ అంటే ఏమిటత్తా?" అంది. రెండు డోళ్ళు జంటగా కట్టి, నడుముకు తగిలించుకుని పుల్లలతో వాయిస్తారని చెప్పాను. చెబుతూ చెబుతూ గొంతులో యేదో అడ్డుపడినట్టయి కిటికీలోనుంచి గొర్రెలను చూస్తూ కూర్చున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కార్డిఫ్ నుంచి ఉత్తరంగా గంటసేపు పోతే క్రిక్‌హవెల్ అనే చిన్న పేట. దానిపక్కనే అస్క్ నది, నది వొడ్డున గ్లాన్అస్క్ అనే పాతకాలపు జమీందారీ తోట. చుట్టూ కొండలు. ఈ కొండల ప్రదేశాన్ని బ్రెకన్ బీకన్స్ అని ఇంగ్లీషు పేరుతో పిలిచేవారు. 2023 ఏప్రిలులో ఆ పార్కువాళ్ళు, ఇక మాకు ఆ పేరు వద్దు, మా వేల్సు భాషలో వున్న పేరే మా పేరు అని ప్రకటించి బన్నై బ్రుఖైన్యోగ్ అని బోర్డులు వ్రాసుకున్నారు. నేను ఆ పేరు మూడుసార్లు పలికాను, మూడుసార్లూ మా మేనకోడలు నవ్వింది.

కొండలు చూడగానే ప్రాణం లేచివచ్చింది. నేను పుట్టింది ఉదయగిరిలో గదా, తెల్లారి లేస్తే ముందు దుర్గం కనబడాలి మాకు. అయితే సుమండీ, ఆ ప్రాంతంలోకల్లా యెత్తైన పెన్-ఎ-ఫాన్ శిఖరం 886 మీటర్లేనట. మా దుర్గం మూడువేల అడుగులు దాటుతుంది. ఆ లెక్క కట్టి చూసుకుని, పరాయిదేశంలో మొదటిసారిగా కొంచెం గర్వపడ్డాను.

ఈ పండుగ పేరు గ్రీన్ మ్యాన్. ఆకులే గడ్డమూ మీసమూ అయిన మనిషి మొహం ఆ దేశపు పాత చర్చీల రాళ్ళమీద చెక్కివుంటుంది, ఆయన పేరది. 2003లో క్రేగ్-ఎ-నోస్ అనే కోటలో మొదలయిందట. పేరుమోసిన గాయని అడెలీనా పట్టీ ఒకప్పుడు కాపురముండిన కోట అది. మొదటి యేడు జనం కొద్దిమందే. 2006 నుంచి ఈ తోటలో జరుగుతున్నది, ఇప్పుడు పాతికవేలమంది వస్తారు. నన్ను మొదట ఆశ్చర్యపరచిన సంగతేమంటే, అంత జనంలో ఒక్క పెద్ద కంపెనీ ప్రకటన లేదు. వేదికలకు ఫలానా శీతలపానీయంవారి వేదిక అని పేర్లు లేవు. మన తిరునాళ్ళలో అమ్మవారికంటె ముందు ఫ్లెక్సీలు దర్శనమిస్తాయి. ఇక్కడ పెద్ద వేదిక పేరు 'కొండ వేదిక', అంతే. వెనక కొండ వుంది గనుక ఆ పేరు. దానిముందు నేల మెట్లుమెట్లుగా పల్లానికి దిగుతుంది. యెక్కడ కూర్చున్నా పాడేవాళ్ళు కనబడతారు.

శుక్రవారం దిగాం. ఆ సాయంత్రమే 'బెట్టీ' అని పేరుపెట్టిన తుఫాను ఐర్లండు వైపునుంచి వచ్చింది. నెల్లూరు జిల్లావాళ్ళకు తుఫాను భయం చెప్పాలా! గుడారం యెగిరిపోతుందని నేను నాలుగు మూలలా బ్యాగులు పెట్టి, మధ్యలో నేను కూర్చున్నాను. మా మేనకోడలు తల లోపలికి పెట్టి, "అత్తా, పాట మొదలైంది, రా" అంది. వానలో పాటేమిటే అంటే, "ఇక్కడ వాన ఆగేదాకా ఆగితే యెవరూ యెప్పుడూ పాడలేరు" అంది. మరదలి గమ్‌బూట్లు నాకు ఒక అంగుళం పెద్దవి. చీర మోకాళ్ళదాకా యెగదోపుకుని, పైన వానకోటు వేసుకుని, ఆ బూట్లతో బురదలో దిగాను. మా కళాశాల పిల్లలు చూసివుంటే ఆ యేడాది వార్షికోత్సవానికి వేరే హాస్యనాటిక అక్కరలేకపోయేది.

అక్కడ జనం చూడాలి. పసిపిల్లలను తోపుడుబండ్లలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పల్లాంటివి తగిలించి తెచ్చుకున్నారు. డెబ్బై యేళ్ళ ముసలమ్మలు మడతకుర్చీలు భుజాన వేసుకుని తిరుగుతున్నారు. వాన పడుతూంటే గొడుగులు కూడా విప్పరు, వెనకవాళ్ళకు అడ్డమని. 1969 ఆగస్టులో అమెరికాలో వుడ్‌స్టాక్ పొలాల్లో లక్షలమంది ముందు రవిశంకర్ సితారు వాయించినప్పుడూ వానేనట. నేను చదువుకున్న రోజుల్లో ఆ ఫోటో చూసి, ఇంత బురదలో సంగీతం యేమిటి, సరస్వతికి అపచారం గదా అనుకున్నాను. బురదలో నిలబడ్డాక తెలిసింది, అందరూ తడిసిన చోట ముందువరుస వెనకవరుస అని వుండదు.

పాటల మాట చెప్పమంటారా? నిజం చెబుతాను. సగం జట్లు నాకు ఒకేరకంగా వినిపించాయి. నలుగురు కుర్రవాళ్ళు, మూడు గిటార్లు, తలవంచుకుని కాళ్ళకేసి చూసుకుంటూ పాడడం. మాట అర్థం కాదు, గిటారు ఆగదు. ఒక డేరాలోనైతే ఆ మోతకు నా పొట్టలో ఇడ్లీ కదిలింది. ఇడ్లీ మరదలు డబ్బాలో పెట్టి పంపింది లెండి. అయితే అక్కడ ఒక పద్ధతి నచ్చింది. పేరు లేని కొత్త జట్లకు ప్రతియేటా పోటీ పెడతారు. నెగ్గినవాళ్ళను యేదో మూల డేరాలో కాదు, ఆ పెద్ద కొండ వేదికమీదే మొట్టమొదట పాడిస్తారు. పెద్ద పేర్లన్నీ వాళ్ళ తర్వాతే.

అర్ధరాత్రి దాటాక వానకు వొణుకుతూ ఒక డేరా దగ్గరికి పోతే దానిమీద 'చాయ్ వాలాస్' అని వ్రాసివుంది! కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను. లోపల అల్లం టీ, ఒక పక్కన డోలక్కు మాదిరి వాద్యమేదో మోగుతూంది. వేడిగ్లాసు రెండుచేతులా పట్టుకుని కూర్చుని, "ఇంత రాత్రిదాకా నేను తిరునాళ్ళలో యెప్పుడూ లేనే" అన్నాను. "నిజమా అత్తా?" అంది.

నిజమే. మా చిన్నప్పుడు ఉదయగిరి చుట్టుపక్కల యే వూళ్ళో తిరునాళ్ళయినా రాత్రి నాటకం వుండేది. హరిశ్చంద్ర అయితే జనం ఇసుకవేస్తే రాలరు. చాపలు, దుప్పట్లు, వేరుశనక్కాయలు అన్నీ మూటగట్టుకుని పోయేవాళ్ళం. కాటిసీను మొదలయ్యేసరికి తెల్లవారుజాము మూడయ్యేది. ఆ సీనుకే జనం అంతసేపూ కూర్చునేది. కాని పన్నెండు కొట్టగానే మా అవ్వ నా చెయ్యి పట్టుకుని లేపేది. "ఆడపిల్లవి, ఇంక చాల్లే, పద." మా తమ్ముడు మాత్రం చాపమీద బోర్లాపడుకుని వుండిపోయేవాడు. పొద్దున్నే వచ్చి కాటిసీను పద్యాలు వాడు నాకు పాడి వినిపించేవాడు, తప్పులతో సహా. నేను యెమ్మే దాకా చదివి, నాటక సాహిత్యం పదిహేనేళ్ళుగా పాఠం చెబుతున్నాను. తిరునాళ్ళలో కాటిసీను ఒక్కసారి కూడా చూడలేదు. ఏ.యస్. పేట దర్గాలో గంధం రాత్రి ఖవ్వాలీకి కూడా ఇదే గతి. మా మేనకోడలు ఫోనులో నుస్రత్ ఫతే అలీఖాన్ పాటలు వింటుంది. ఆయన 1985లో ఇంగ్లండులోనే మెర్సీ ద్వీపంలో ఇలాంటి బయలుపండుగలో పాడాకనే ఇక్కడి తెల్లవాళ్ళు ఖవ్వాలీకి ముగ్ధులయ్యారట. "నువ్వు ఖవ్వాలీ యెదురుగా విన్నావా అత్తా?" అని అది ఆశగా అడిగింది. ఆత్మకూరికి కూతవేటు దూరంలో ఖవ్వాలీ వుంది, నేను విన్నది ఆటో యెక్కేలోపల చెవినపడినంత మేరకే. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

శనివారం ఎండ వచ్చింది. పచ్చికమీద గోనెలాంటి పట్టా పరచుకుని భోజనానికి కూర్చున్నాం. తమ్ముడికోసం ఉదయగిరి కొయ్యచెంచాలు తీసుకుపోయాను. మా వూళ్ళో కొన్ని కుటుంబాలవాళ్ళు చుట్టుపక్కల అడవికర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేత్తో చెక్కుతారు, చాలా నాజూకైన పని. వాటితో మేము పులిహోర తింటూంటే పక్క పట్టామీద కూర్చున్న ముసలామె అదేపనిగా చూసి, వంగి, "అమ్మాయీ, అది ఒక్కసారి పట్టుకోవచ్చా?" అని అడిగింది. చెంచా కాడను బొటనవేలితో నిమిరి, "మాకూ ఇవి వున్నాయి" అంది. వేల్సులో పూర్వం కుర్రవాడు తాను మనసుపడ్డ పిల్లకు సొంతచేత్తో చెంచా చెక్కి ఇచ్చేవాడట. కాడలో గొలుసులు, హృదయాలు, తాళంచెవులు అన్నీ ఒకే కర్రలో చెక్కాలి. 1667 నాటి చెంచా ఒకటి కార్డిఫ్ పక్కన సెయింట్ ఫాగన్స్ మ్యూజియములో వుంది. తర్వాత పోయి చూసివచ్చాను కూడా. నేను ఆమెకు మా దుర్గం కథ చెప్పాను. 1514లో కృష్ణదేవరాయలు దుర్గం పట్టుకుని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం మిగిలినది ఇప్పుడు మద్రాసు మ్యూజియములో వుంది. మా వూరిదేదైనా సరే వూరు దాటిపోతేగాని దానికి విలువ రాదు అన్నాను. ఆమె నవ్వలేదు. "మా భాషకూ అంతే అయింది" అంది.

అప్పుడే పక్క వేదికమీద ఒక పాతికేళ్ళ పిల్ల కూర్చుని, ఒళ్ళో చిన్న హార్పు పెట్టుకుని పాడడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు కాదు, వేల్సు భాష. వచ్చినవాళ్ళలో చాలామంది ఇంగ్లండువాళ్ళే, వాళ్ళకూ అర్థం కాదు. ఆ పిల్ల పాటకు ముందు అర్థం చెప్పలేదు, క్షమాపణ చెప్పలేదు. పాడింది, అంతే. ఖ అనే శబ్దం గొంతు లోపలినుంచి వస్తుంది ఆ భాషలో. పాదం మొదట వచ్చిన హల్లులు పాదం చివర్లో మళ్ళీ తొంగిచూస్తున్నట్టు నా చెవికి తగిలింది. పదిహేనేళ్ళు యతిప్రాసలు చెప్పిన చెవి గదా, నిక్కబొడుచుకుంది. ముసలామెను అడిగాను. నా భుజం తట్టి, "దానికి పేరుంది, కంగ్‌హానెద్" అంది. వాళ్ళ ఛందస్సులో అది ప్రాణమట. ఒక రకంలోనైతే పాదం మొదటి సగంలో హల్లులు యే వరుసలో వస్తే రెండో సగంలోనూ ఆ వరుసలోనే రావాలి. మన యతి ఒక్క అక్షరంతో పోయేది, వాళ్ళది వరుస వరుసంతా! ఐస్తెద్‌వోద్ అని వాళ్ళకు ప్రతియేటా ఆగస్టులో సాహిత్యపు తిరునాళ్ళ వుంది, అంతా వేల్సు భాషలోనే. ఈ ఛందస్సులో బాగా వ్రాసిన కవికి కుర్చీ ఇచ్చి కూర్చోబెడతారు. నిజమైన కొయ్యకుర్చీ, ఇంటికి తీసుకుపోవచ్చు. వారం ముందే ఆ యేటిది ముగిసిపోయిందని తెలిసి నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

2021 జనాభా లెక్కల్లో ఆ భాష వచ్చినవాళ్ళు వేల్సులో అయిదు లక్షల ముప్పైయెనిమిది వేలమంది, నూటికి పద్ధెనిమిదిమంది కూడా లేరు. మన నెల్లూరు జిల్లాలో అంతకు నాలుగైదు రెట్లమంది తెలుగు మాట్లాడతారు. "ఎందుకిలా అయిందండీ?" అన్నాను. ఆమె తన మెడమీద వేలితో గీత గీసి చూపించింది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి చాలా బడుల్లో వేల్సు భాషలో మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక కొయ్యముక్క కట్టేవారు. 'వెల్ష్ నాట్' అంటారు దాన్ని. ఆ పిల్లవాడు ఇంకొకడు మాట్లాడగా పట్టిస్తే కొయ్యముక్క వాడి మెడకు మారేది. సాయంత్రానికి యెవరి మెడలో వుంటే వాడికి దెబ్బలు. "మా ముత్తవ్వ మెడలో వుండింది. కట్టినవాడు దుర్మార్గుడు కాదు. పిల్లలు బాగుపడాలని కోరిన మేష్టరే" అంది.

కారులో నా గొంతుకు అడ్డుపడ్డ సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు.

2019లో మా కళాశాల వార్షికోత్సవానికి సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యత నాది. బి.యే. రెండో సంవత్సరం కుర్రవాడొకడు, ఉదయగిరి వైపు పల్లెవాడు, స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి, "మేడం, మా నాయనా చిన్నాయనా పంబ వాయిస్తారు. నేనూ వాయిస్తా. అంకమ్మ కథ ఇరవై నిమిషాలు చెబుతాం" అన్నాడు. అప్పుడు నా బల్లమీద జానపద సాహిత్యం నోట్సు తెరిచివుంది. బిరుదురాజు రామరాజుగారి గ్రంథం అట్టవేసి పక్కన పెట్టుకున్నాను. ఆ పూటే ఆ పిల్లలకు, జానపద కళారూపాలు అంతరించిపోతున్నాయని, కారణాలు అయిదు వ్రాయించాను. ఆ నోటితోనే ఆ కుర్రవాడితో, "కొలుపుల్లో వాయించేది కాలేజీలో బాగుంటుందా నాయనా? ముఖ్య అతిథులు వస్తారు. ఏదైనా మంచి సినిమాపాట ప్రాక్టీసు చెయ్యి" అన్నాను. వాడు వాదించలేదు. "అట్నే మేడం" అన్నాడు. ఆ తర్వాత క్లాసులో చివరి బెంచీకి మారాడు. వార్షికోత్సవంలో రికార్డులు పెట్టి పదకొండు డాన్సులు చేయించాం. ముఖ్య అతిథి రెండో డాన్సుకే లేచిపోయారు.

నేనూ దుర్మార్గురాలిని కాను. వాడి మంచికే అనుకున్నాను.

ఆదివారం రాత్రి ఆ పండుగకు ముగింపు వుంది. ఆకులతో, కర్రలతో యెత్తైన పచ్చమనిషి బొమ్మ ఒకటి కట్టివుంచుతారు. వచ్చినవాళ్ళు మూడురోజులూ తమ కోరికలు చీటీలమీద వ్రాసి అందులో పెడతారు. చివరిపాట అయ్యాక దానికి నిప్పు పెడతారు, పైన బాణసంచా కాలుస్తారు. మన భోగిమంటే గాని పద్ధతి వేరు. మా మేనకోడలు రెండు చీటీలు తెచ్చి, "ఏదైనా కోరుకో అత్తా, పైకి చెప్పకూడదు" అంది. అది ఇంగ్లీషులో యేదో బరబర వ్రాసేసింది. నేను తెలుగులో ఆ కుర్రవాడి పేరొక్కటే వ్రాశాను. ఇంటిపేరు గుర్తురాలేదు.

మంట లేచినప్పుడు పాతికవేలమంది ఒక్కసారి అరిచారు. పసిపిల్లలు తండ్రుల భుజాలమీద నిద్రపోతున్నారు. గడియారం చూశాను, పన్నెండు దాటింది. చెయ్యి పట్టుకుని లేపేవాళ్ళెవరూ లేరు. బూడిద యెర్రబడి నల్లబడేదాకా నిలబడ్డాను. "చలేస్తోందత్తా, పోదామా" అని మా మేనకోడలే నన్ను లాక్కుపోవలసివచ్చింది.

తిరిగివచ్చి పాత హాజరు పట్టీలు వెతికితే ఇంటిపేరూ దొరికింది, ఫోను నెంబరూ దొరికింది. నెంబరు మారలేదు. కుర్రవాడు కృష్ణపట్నం వైపు ఒక గోడౌనులో పనిచేస్తున్నాడు. నా పేరు చెప్పగానే, "మేడం! బాగుండారా?" అన్నాడు, ఏమీ జరగనట్టు. మీ నాయన యెలా వున్నారని అడిగాను. కరోనాలో పోయాడన్నాడు. పంబ అటకమీద వుందట, తోలు యెలకలు కొరికాయట. నేను సంగతి చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. "నేను వాయించి నాలుగేళ్ళయింది మేడం. సెలవు కూడా దొరకదు. మా చిన్నాయన్ని పంపిస్తా. తోలు మార్పించుకుంటాడు" అన్నాడు.

2024 ఫిబ్రవరిలో వార్షికోత్సవం. పంబ హాల్లో వాయిస్తే గోడలు ఆగవని మైదానంలో వేపచెట్టు కింద పెట్టించాం. కార్యక్రమం మొదలయ్యేసరికి పిల్లలు సగంమంది క్యాంటీను దగ్గరే వున్నారు. చిన్నాయన, ఆయన వెంట ఇద్దరు. ముసలివాళ్ళే. మొదటిదెబ్బ పడేసరికి క్యాంటీనులోవాళ్ళు తలలు తిప్పారు. ఇరవై నిమిషాలనుకున్నది నలభై అయింది. మధ్యలో ఆయన కథ ఆపి, పెద్దమ్మ మీదకు యుద్ధానికి వచ్చిన రాజు యెలా నడిచివచ్చాడో నడిచి చూపిస్తే పిల్లలు యీలలు వేశారు. అందరూ వినలేదు, అబద్ధమెందుకు. నా పక్కన కూర్చున్న వుద్యోగి ఒకాయన మొదటినుంచి చివరిదాకా ఫోను చూసుకున్నాడు. నేను మాత్రం నా ఫోను చెయ్యెత్తి పట్టుకుని నిలబడ్డాను, అవతల గోడౌనులో కుర్రవాడు వింటున్నాడు గనుక. అయిపోయాక ఫోను చెవిదగ్గర పెట్టుకుంటే, "మా నాయనైతే రాజును ఇంకొంచెం సేపు నడిపించేవాడు మేడం" అన్నాడు. ఆపైన వెనకనుంచి ఎవరో కేకేస్తే పెట్టేశాడు.

చిన్నాయనకు శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఫోటో తీయించుకుని అందరూ లోపలికి పోయారు. ఆయన వేపచెట్టు కిందే నిలబడి, నా మొహంలోకి చూసి మెల్లిగా, "బస్సు చార్జీలు యెవరిస్తారమ్మా?" అన్నాడు. ఆ బురదలో మూడురోజులు నిలబడి, పాడినవాళ్ళకు డబ్బు యెవరిస్తారని నేనూ ఒక్కసారి ఆలోచించలేదు. పర్సు తీసి చార్జీలూ, తోలు మార్పించిన ఖర్చూ, ముగ్గురి కూలీ లెక్కవేసి ఇచ్చాను. ఆయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని పంచె మడతలో దోపుకున్నాడు. శాలువా మాత్రం, "ఎండలు మొదలైనాయి గదమ్మా" అని కుర్చీమీదే మడిచిపెట్టి వెళ్ళిపోయాడు.